అరగని బ్రేకు రబ్బర్లు

చేపల కంపుకు ముక్కు మూసుకునే మనిషి కాడు యోటము ముంతలి. సరస్సు ఒడ్డున పుట్టి, ఎండు ఉసిపా చేపల గోతాల మీద నిద్రపోతూ పెరిగినవాడు. అయినా ఆ పొద్దున ఒక కుర్రాడి సైకిలును తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం ఊడదీయగానే అతను ముక్కు మూసుకున్నాడు. ఫ్రీవీల్ పళ్ల సందుల్లో బూడిదరంగు జిగురు పేరుకుని ఉంది. అందులో చేప పొలుసులు తళతళా మెరుస్తున్నాయి. క్యారియర్ మీద ఎండుచేపలు మోసినవాడి సైకిలుకు పొడి పొలుసులు అంటుకుంటాయి, దులిపితే రాలిపోతాయి. ఇది అది కాదు. పచ్చిచేపల నీళ్లు చక్రం కడుపులోకి కారి, అక్కడే మురిగి, అక్కడే గడ్డకట్టాయి. సైకిలును అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద చేపల బుట్టలు పేరిస్తే తప్ప అలా జరగదు.

"థూ" అని పక్కకు ఉమ్మేశాడు.

ఈ ఉమ్మే అలవాటు వల్లే చివేటా ఊళ్లో అతన్ని చాటున 'థూ బాబాయ్' అంటారు. మ్జూజూ కొండల మీదుగా వచ్చే రోడ్డు మెలికలు తిరుగుతూ దిగి సరస్సు ఒడ్డున తేలే చోట, ఒక రేకు కింద అతని రిపేరు కొట్టు. ముప్పై ఏళ్లుగా అక్కడే. గొలుసుకు వంటనూనె పూసి తెచ్చినవాణ్ని చూసి ఉమ్మేస్తాడు. పంక్చరుకు చెప్పుముక్క అంటించినవాణ్ని చూసి ఉమ్మేస్తాడు. బతికున్న మేకను కాళ్లు కట్టి క్యారియర్ మీద అడ్డంగా వేసుకొచ్చేవాణ్ని చూసి ఉమ్మేసి, మేకకు మాత్రం నీళ్లు పెడతాడు. బొగ్గుబస్తాలు మోసేవాళ్లు ఎత్తు ఎక్కేటప్పుడు లారీ తోక పట్టుకుని వేలాడతారు. వాళ్లను మాత్రం ఏమీ అనడు. "వాడు బొగ్గు చేరిస్తే చాలనుకున్నాడు. తొక్కానని ఎవడికీ చెప్పుకోడు గదా" అంటాడు.

ఇంత పట్టుదల అతనికి ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇరవైనాలుగో ఏట అతను ఉత్తరాన చిటీపా నుంచి దక్షిణాన న్సాంజే దాకా, దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, ఒక్కడే సైకిలు మీద పోయాడు. చావుకు కాదు, పెళ్లికి కాదు, బేరానికి కాదు. చూద్దామని. అది ఒకే పార్టీ ఏలుబడి, ఆ పార్టీ కార్డు లేకుండా సంతలోకి కూడా రానివ్వని కాలం. ఊరుకాని ఊళ్లో 'చూద్దామని వచ్చాను' అన్న మనిషిని ఊరికే వదిలిపెట్టరు. సరుకు లేకుండా, తోడు లేకుండా తిరిగేవాడు దొంగ, లేకపోతే మంత్రగాడు, అదీ కాకపోతే వేగులవాడు. అందుకని యోటము క్యారియర్ మీద బుట్టలో ఒక కోడిపెట్టను పెట్టుకున్నాడు. ఎవరు ఆపినా "అత్తారింటికి కోడిని తీసుకెళ్తున్నా" అనేవాడు. కోడి ఉన్నవాణ్ని ఎవరూ అనుమానించరు. ఆ పెట్ట అలా పది జిల్లాలు చూసింది.

డెడ్జాలో మాత్రం దొరికిపోయాడు. "నీది ఉత్తరాది తుంబుకా యాస. మా చేవా ఊళ్లలో నీకు అత్తారెవర్రా?" అని పార్టీ కుర్రాళ్లు సైకిలూ కోడితో సహా లారీ ఎక్కించి, అతను పోయే దారినే పదకొండు మైళ్లు తీసుకుపోయి ఒక గదిలో పడేశారు. ఆ గదిలో మూలనున్న బకెట్టును రెండు రోజులు ఎవరూ పారబోయలేదు. అది అంచుదాకా నిండి, పొంగి, అతను పడుకున్న చాప కిందికి వచ్చింది. ఇప్పటికీ తినేటప్పుడు అది గుర్తొస్తే సంకటి ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. రెండు రోజుల్లో కోడి రెండు గుడ్లు పెడితే కాపలావాళ్లు కాల్చుకు తిన్నారు. మూడో రోజు వదిలేశారు. వదిలారు గదా అని ముందుకు పోలేదు. సైకిలు తిప్పుకుని, పదకొండు మైళ్లూ వెనక్కి పోయి, తనను లారీ ఎక్కించిన మైలురాయి దగ్గర ఆగి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

ఈ ముచ్చట విన్న ప్రతివాడూ నవ్వాడు. "ఎవడు చూశాడు బాబాయ్, ఎవడు లెక్కపెట్టాడు?" అని. కాని నవ్వినవాళ్లే ఏ తగాదా వచ్చినా "థూ బాబాయిని అడగండి, ఆయన చూడంది చూశాననడు" అనేవారు. కైరో నుంచి కేప్‌టౌన్ దాకా జెండాలు కట్టుకుని తొక్కే తెల్లవాళ్లూ, జోహాన్నెస్‌బర్గ్ నుంచి వచ్చే నల్లవాళ్లూ ఆ రేకు కింద ఆగి అతనిచేత తమ పుస్తకాల్లో రెండు ముక్కలు రాయించుకునేవారు. అతను ముందు సైకిలు చూసేవాడు, తర్వాత మనిషిని. మనిషి చెప్పనివి సైకిలు చెబుతుంది.

ఈ కుర్రాడి పేరు లింబాని కచాలే. బ్లాంటైర్ వాడు. పాతికేళ్లుంటాయి. న్సాంజే నుంచి చిటీపా దాకా ఒంటరిగా, ఏ బండీ ఎక్కకుండా తొక్కుతానని బయల్దేరాడు. రేడియోలో రోజూ అతని కబుర్లే. బ్లాంటైర్‌లోని ఒక సంఘం అతని వెనక ఉంది. అతను పూర్తిగా తొక్కిన ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క సైకిలు అంబులెన్సు ఇస్తామని సంఘం మాట. అంబులెన్సంటే రెండు చక్రాల మంచం బండి, సైకిలు వెనక తగిలించి లాగేది. ప్రతి జిల్లాలోనూ ఒక సాక్షి పుస్తకంలో 'ఒంటరిగా వచ్చాడు, తొక్కుకుంటూ వచ్చాడు' అని రాసి సంతకం పెట్టాలి, దానికింద ఊరిపెద్ద ముద్ర పడాలి. ఈ జిల్లా బండి మ్వాజి అనే ఊరికని ముందే చెప్పారు. సాక్షి ఎవరని అడిగితే చివేటాలో అందరూ ఒకే పేరు చెప్పారు.

మ్వాజి ఆ మలుపుల పైన, కొండ అంచున ఉంటుంది. ఆసుపత్రి కింద, ఒడ్డున. నొప్పులొచ్చిన మనిషిని నిచ్చెన మీద పడుకోబెట్టి నలుగురు భుజాన మోసుకు దిగాలి. పోయిన వానల్లో తమాలా అనే పిల్లను అలా దించుతుంటే మూడో మలుపు దగ్గర ప్రాణం పోయింది. ముందు కుడివైపు కొన యోటము భుజం మీద ఉంది. నెత్తురు నిచ్చెన కర్ర వెంబడి కారి అతని మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. వాగులో మూడుసార్లు స్నానం చేశాడు. ఆ చొక్కాను కాల్చేశాడు.

అంచేత ఆ పొద్దున చక్రం ఊడదీసినవాడికి ఆ బండి ఎంత అవసరమో ఎవరూ చెప్పక్కర్లేదు.

అతను బ్రేకు రబ్బర్లు చూశాడు. అచ్చులో పోసినప్పటి గీతలు వాటి మీద ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ మలుపులు దిగిన సైకిలుకు రబ్బర్లు సగానికి సగం అరిగి, నల్లగా మాడి, రిమ్ముకు మసి పూస్తాయి. ముప్పై ఏళ్లుగా ఆ మసే తుడుస్తున్నాడు. ఈ రిమ్ము కడిగిన పళ్లెంలా ఉంది.

"ఎక్కడ ఎక్కావు?" అన్నాడు.

లింబాని పెట్టె మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. "ఏం ఎక్కడం బాబాయ్?"

"చేపల లారీ."

నమలడం ఆగింది. "ఏ లారీ? నేను మ్జూజూ నుంచి నిన్న..."

"నిన్న దిగావు. ఈ రబ్బర్లతో దిగావు." యోటము రబ్బరు మీద గోరుతో గీసి చూపించాడు. "మొదటి మలుపులోనే సరస్సులో తేలేవాడివి. చేపలకు నువ్వు తిండయ్యేవాడివి, చేపలు నీ చక్రంలో ఉండేవి కావు."

కుర్రాడు తొక్కను రోడ్డు పక్కకు విసిరి, చేతులు నిక్కరుకు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "న్కాటా రేవులో కడుపు పాడైంది బాబాయ్. మూడు రోజులు కారిపోయాను. మార్చుకోను నిక్కరు కూడా మిగల్లేదు. తొక్కే ఓపిక ఏది?"

"పడుకోవాల్సింది."

"ఎల్లుండికల్లా చిటీపాలో ఉండాలి. టీవీ వాళ్లొస్తారు, సంఘం వాళ్లొస్తారు. తారీఖు తప్పితే ఎలా?"

"అయితే అదే రాయి. కడుపు పాడై లారీ ఎక్కానని."

లింబాని నవ్వాడు. ఆ నవ్వులో దురుసుతనం లేదు. అదే యోటముకు ఇంకా రోత పుట్టించింది. "రాస్తే నాకేం పోదు బాబాయ్. ఈ ఒక్క జిల్లా కొట్టేస్తారు, అంతే. మిగతా అంతా నేను తొక్కానుగా. పోయేది మీ బండే."

యోటము ఫ్రీవీల్‌ను కిరసనాయిలు డబ్బాలో ముంచి బ్రష్షుతో తోమడం మొదలుపెట్టాడు. పైకి తేలిన చేపజిడ్డు ఎండకు రంగులు తిరుగుతోంది. ఆ వాసనకు రెండుసార్లు ముఖం తిప్పుకున్నాడు గాని చెయ్యి ఆపలేదు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. పక్కన కలం ఉంది.

మధ్యాహ్నానికి మ్వాజి ఊరిపెద్ద కొండ దిగి వచ్చింది. గోండ్వే వంశపు ఆడపడుచు గనక అందరూ ఆమెను న్యాగోండ్వే అంటారు. డెబ్బైకి దగ్గరపడింది. మోకాళ్లు పట్టేసి, ప్రతి రాయినీ తిట్టుకుంటూ దిగుతుంది.

"పెట్టావా తమ్ముడూ సంతకం?"

"లేదక్కా."

"కలంలో సిరా లేదా?"

"సిరా ఉంది. చూసింది లేదు."

జరిగింది చెప్పాడు. పొలుసులు చూపించాడు, రబ్బర్లు చూపించాడు. ఆమె వాటివైపు కన్నెత్తి చూడలేదు.

"వాడు తొక్కుకుంటూ వచ్చాడా, డేక్కుంటూ వచ్చాడా, నాకెందుకు?" అంది. "మా ఆడవాళ్లు నిచ్చెన మీద చస్తున్నారు."

"తెలుసక్కా. మోసినవాణ్ని."

"మోసినవాడివి గనకే అడుగుతున్నా. లేకపోతే నీ గడప తొక్కేదాన్ని కాదు. నువ్వు పదకొండు మైళ్లు వెనక్కి పోయావు, దేశమంతా తెలుసు. దానివల్ల ఎవరింట్లో పొయ్యి వెలిగింది చెప్పు?"

"ఎవరింట్లోనూ వెలగలేదు."

"మరి?"

"చూడంది చూశానని రాయలేనక్కా. చెయ్యి రాదు."

న్యాగోండ్వే అతని చేతివైపు చూసింది. కిరసనాయిలు, చేపజిడ్డు, నల్లటి గ్రీజు, అన్నీ కలిసి మోచేతిదాకా ఉన్నాయి. తర్వాత లింబాని వైపు తిరిగింది.

"ఇటు రా నాయనా. లారీలో వచ్చావా?"

అతను నేల చూశాడు.

"నాకు అబద్ధం చెప్పకు. కాగితానికి చెప్పుకో, అది నమ్ముతుంది. లారీలో వచ్చావా, లేదా?"

"వచ్చానమ్మా."

"ఛీ!" అంది ఆమె. ఆ ఒక్క మాటా అన్నాక, "పుస్తకం ఇలా తే" అంది.

బల్ల ముందు కూర్చుని, మూడు వేళ్లతో కలం పట్టుకుని, సాక్షి గడిలో ఒక్కొక్క అక్షరమే గీసింది. ఆమె బడికి పోయింది రెండేళ్లే. 'నేను చూశాను. ఒంటరిగా వచ్చాడు. తొక్కుకుంటూ వచ్చాడు.' ఎంతసేపు పట్టిందంటే, రోడ్డు మీద రెండు బస్సులు పోయాయి. తర్వాత నడుముకు చుట్టిన గుడ్డ మడతలోంచి ఊరి ముద్ర తీసింది. సిరా ఎండిపోయి ఉంది. ముద్ర మీద ఉమ్మేసి, వేలితో రుద్ది, పుస్తకం మీద గట్టిగా నొక్కింది.

యోటము చక్రం బిగించి, గొలుసుకు నూనె వేసి, సైకిలును నిలబెట్టాడు. "ఇక్కణ్నుంచైనా తొక్కు" అన్నాడు కుర్రాడితో. అతను తొక్కాడో లేదో తర్వాత ఎవర్నీ అడగలేదు.

రెండు నెలలకు బండి వచ్చింది. అట్టపెట్టెల్లో ముక్కలు ముక్కలుగా. దాంతోపాటు సంఘం వాళ్లు, కెమెరాలు, లింబాని. మ్వాజిలో కోళ్లు కోశారు, కర్రపెండలం సంకటి వండారు. ఫొటో కోసం బండిని ఇనుపతీగెలతో కట్టి ఎలాగో నిలబెట్టారు. మంచం పక్కన పచ్చరంగుతో 'ఒంటరి యాత్రికుడి కానుక' అని రాసి ఉంది.

లింబాని మైకు పట్టుకున్నాడు. "చివేటా మలుపులు నా జన్మలో మర్చిపోను. బ్రేకులు కాలి పొగలొచ్చాయి. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కణ్నే ఏడుస్తూ దిగాను!"

ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. యోటము వెనక నిలబడి ఒక్కొక్క ముఖమే చూశాడు. చేపల లారీ సంగతి తెలియనివాడు ఆ గుంపులో ఒక్కడు లేడు. లారీ డ్రైవరు బావమరిది కూడా అక్కడే ఉన్నాడు, అందరికంటే గట్టిగా కొడుతున్నాడు. లింబాని గుంపును తోసుకుంటూ వచ్చి, "మా బాబాయ్!" అని యోటమును కావలించుకున్నాడు. సబ్బు వాసన, చెమట వాసన. కెమెరా మెరిసింది. యోటము నోట్లో ఉమ్మి ఊరింది. అంతమంది ముందు ఉమ్మలేక మింగాడు. ఆ ఉమ్మి మింగిన రుచి మర్నాటి దాకా నోట్లోనే ఉంది.

అందరూ వెళ్లిపోయాక తీగెలు ఊడి బండి కూలబడింది. న్యాగోండ్వే ఇంటి వాకిట్లోనే అది పడి ఉంది. మంచం గుడ్డ మీద కోళ్లు రెట్టలు వేశాయి. వచ్చి బిగించమని ఆమె ఒకసారి కబురు పెట్టింది, రెండుసార్లు పెట్టింది. యోటము పోలేదు. పని ఉందన్నాడు. పనేమీ లేదు. రేకు కింద కూర్చుని ఖాళీగా చక్రాలు తిప్పుతూ, ఆ పచ్చ అక్షరాలను ముట్టుకోవాల్సి వస్తుందనుకుంటే చేతులు ముడుచుకునేవాడు.

వారానికి ఆమె మళ్లీ మోకాళ్లను తిట్టుకుంటూ దిగింది. ఈసారి కూర్చోలేదు కూడా.

"నీకు రోతగా ఉంది. తెలుసు" అంది. "నాకు లేదనుకున్నావా? ఆ పుస్తకంలో ఉన్నది నా రాత. నా మనవరాలు రేడియో పెడితే నేను బయటికి పోతున్నా. నా చేతులు పాడుచేసుకున్నాను, నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయిగా? ఇక వచ్చి బిగించు."

తన చేతులకు అంటనిది ఎవరి చేతులకు అంటిందో అప్పటిదాకా యోటము ఆలోచించలేదు. ఒంటరిగా తొక్కినవాడికి ఆ అలవాటు ఉండదు. మిగతావాళ్లమీద వచ్చే రోత వేరు, ఇప్పుడు తన మీద తనకు వచ్చింది వేరు. దాన్ని ఉమ్మేయడానికి చోటు లేదు.

సంచీలో పానాలు వేసుకుని ఆమె వెనకే కొండెక్కాడు.

పని రెండు రోజులు పట్టింది. సైకిలుకు తగిలించే కొక్కెం వేలంత సన్నం, మైదానాలకు చేసింది. దాన్ని తీసి పారేసి, లారీ స్ప్రింగు ముక్క కాల్చి వంచి కొత్తది చేశాడు. రోగి జారకుండా టైరు ట్యూబులతో నడుముపట్టీ కుట్టాడు. దిగేటప్పుడు ఇద్దరు వెనక్కి లాగి పట్టుకోవడానికి వెనక రింగులు బిగించి తాళ్లు కట్టాడు. రెట్టలు కడిగాడు. పచ్చ అక్షరాలున్న వైపు పని వచ్చినప్పుడు వాటివైపు చూడకుండా పానా తిప్పాడు.

"రాళ్ల బస్తా వేసి దించి చూద్దాం" అన్నాడు మూడో పొద్దున. "మనిషిని తర్వాత."

"రాళ్లెందుకు?" అని న్యాగోండ్వే మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది. "నన్ను దించు."

"అక్కా, కొక్కెం తెగితే..."

"తెగితే నేనే చస్తాను. అబద్ధం రాసింది నేనే గదా. ఏ కడుపుతో ఉన్నదాన్నో ఎక్కించి చూస్తావా ముందు? పట్టీ బిగించు, వాగకు."

పట్టీ బిగించాడు. సైకిలు ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని నడుస్తూ, రెండు బ్రేకులూ నొక్కి పట్టి దిగాడు. వెనక ఇద్దరు తాళ్లు పట్టుకున్నారు. ప్రతి మలుపులోనూ బండి వంగినప్పుడల్లా ఆమె పెద్దగా తిట్టింది, యోటమును, లింబానిని, బ్లాంటైర్‌ను, రోడ్డు వేసినవాణ్ని. సగం దిగాక తిట్లు ఆగిపోయాయి. అతను భయపడి వెనక్కి చూస్తే కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి ఉంది. "ఆపకు" అంది పళ్ల సందులోంచి.

ఆసుపత్రి గేటు ముందు పట్టీ విప్పగానే ఆమె పక్కకు ఒరిగి, పొద్దున తాగిన జావంతా యోటము కాళ్ల మీద కక్కేసింది. అతను జరగలేదు. తల పట్టుకుని, అయిపోయేదాకా వంగి నిలబడ్డాడు. నీళ్లు తెచ్చి ముఖం కడిగించాడు. ఆ తర్వాతే తన కాళ్లు కడుక్కున్నాడు.

న్యాగోండ్వే మూతి తుడుచుకుని లేచి కూర్చుంది. "ఊగుతోంది తమ్ముడూ" అంది. "బతికున్నవాళ్లకే పేగులు నోట్లోకి వస్తున్నాయి. నొప్పులు పడేదాని గతేంటి? ఆ కుడి చక్రం చూడు."

యోటము నేల మీద చతికిలబడి కుడి చక్రాన్ని తిప్పాడు. ఆమె చెప్పింది నిజమే. చక్రం ఒకచోట వంకర పోయింది, నాలుగు స్పోకు పుల్లలు వదులయ్యాయి. సంచీలోంచి పుల్లల పానా తీసి, మొదటిదానికి పెట్టాడు.